రాత్రయితే వణికిపోతున్న రాజా: ఆ భయం ఎక్కడిది?

ప్రశ్న: మాది తిరుపతి. జూపార్కు రోడ్డు వైపు, కొండకు దగ్గరలో ఇల్లు. మా కుక్క రాజాకు 9 ఏళ్లు, లాబ్రడార్ సంకరజాతి. దీపావళి టపాసులకు కూడా ఎన్నడూ బెదరలేదు. 3 వారాలుగా రాత్రి 9 గంటలు దాటితే చాలు, వణకడం, రొప్పడం, మంచం కిందికో స్నానాల గదిలోకో దూరడం మొదలుపెట్టింది. పెరట్లోకి రమ్మంటే గడప దగ్గరే కాళ్లు బిగబట్టేస్తుంది. ఒక్కోసారి వెనక గోడ వైపే చూస్తూ నిలబడిపోతుంది. పగలు మామూలుగానే తింటుంది, ఆడుతుంది. ఈమధ్య దివాను ఎక్కడం మానేసింది గానీ, వయసు కదా అని ఊరుకున్నాం. ఎలుకలు ఎక్కువయ్యాయని గత నెలలో సామాన్ల గదిలో శబ్దంతో ఎలుకలను తరిమే యంత్రం పెట్టాం. అంతకు మించి ఇంట్లో మార్పేమీ లేదు. మనకు కనిపించనివి కుక్కలకు కనిపిస్తాయని మా అత్తగారు దిష్టి తీశారు. నాలుగు రాత్రులు పెరట్లోనే కట్టేస్తే అదే అలవాటు పడుతుందని మా వారు అంటున్నారు. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ముందు మీ వారి ఆలోచనకు సమాధానం చెబుతాను. రాజాను పెరట్లో కట్టేయకండి, ఒక్క రాత్రి కూడా. భయపడే కుక్కను భయపడే చోటే కట్టేస్తే అది అలవాటు పడదు. తప్పించుకునే దారి లేదని మాత్రం నేర్చుకుంటుంది. కొండ పక్కన ఉన్న మీ ఇంటి విషయంలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది, అక్కడికి వస్తాను.

తొమ్మిదేళ్లు ఒకే తీరుగా ఉన్న కుక్క నడవడి మారిందంటే పశువైద్యుడు మొదట తోసిపుచ్చాల్సింది రేబిస్‌ను. రాజా విషయంలో ఆ అనుమానం చాలా తక్కువ. రేబిస్ లక్షణాలు బయటపడిన కుక్క సాధారణంగా 10 రోజులు దాటి బతకదు. పగలంతా తిని ఆడుకుని రాత్రిపూట మాత్రమే వణకడం ఆ జబ్బు తీరు కాదు. అయినా టీకా కార్డు ఒకసారి తీసి చూడండి, గడువు దాటి ఉంటే వేయించండి. గొంతు మారడం, చొంగ కారడం, మింగలేకపోవడం, కారణం లేకుండా కరవబోవడం కనిపిస్తే దగ్గరకు వెళ్లకుండా వెంటనే వైద్యుడికి చెప్పండి. ఎవరికైనా కాటుగానీ గీరుగానీ పడితే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపిన మాటలు రెండు ఉన్నాయి. దివాను ఎక్కడం మానేసింది అన్నారు, ఎలుకల యంత్రం పెట్టాం అన్నారు. రెండింటినీ మీరు పెద్దగా పట్టించుకోకుండా రాశారు. నేను మాత్రం వెతుకులాట అక్కడి నుంచే మొదలుపెడతాను.

దివాను ఎక్కకపోవడాన్ని వయసు ఖాతాలో వేసి వదిలేయకండి. లాబ్రడార్ రక్తం ఉన్న కుక్కల్లో తుంటి కీలు, మోచేతి కీలు దెబ్బతినడం మేము తరచుగా చూస్తాం. పగలంతా వచ్చిపోయే మనుషులు, వంటింటి వాసనలు, వీధిలో అరుపులు ఉంటాయి. ఆ సందడిలో కుక్క నొప్పిని దిగమింగుకుంటుంది. రాత్రి ఇల్లు సద్దుమణిగి, ఒకచోట పడుకుని కీళ్లు బిగుసుకున్నాక ఆ నొప్పి పైకి తేలుతుంది. రొప్పడం, వణకడం, కుదురుగా పడుకోలేక చోటు మార్చుకుంటూ తిరగడం నొప్పికి కూడా గుర్తులే. చూసేవారి కంటికి అవి భయంలా ఆనుతాయి. అంతేకాదు, నొప్పి నుంచి నిజంగానే భయం పుడుతుంది. కీళ్లనొప్పితో ఉన్న కుక్క ఏదో చప్పుడుకు ఉలిక్కిపడితే కండరాలు ఒక్కసారిగా బిగుసుకుని నొప్పి కలుక్కుమంటుంది. ఆ చప్పుడే తనను పొడిచిందని కుక్క లెక్క. అలా నాలుగైదు సార్లు జరిగితే, అన్నేళ్లూ లెక్కచేయని చప్పుళ్లే దాన్ని హడలగొడతాయి. పెద్ద వయసులో కొత్తగా బెదరడం మొదలైన కుక్కను ముందు నొప్పి కోసం పరీక్షించాలని మేము పట్టుబట్టేది అందుకే.

పడుకుని లేచేటప్పుడు ముందుకాళ్ల మీద భారం వేసి వెనక భాగాన్ని ఈడ్చుకుంటూ లేస్తోందా, మెట్ల దగ్గర ఒక క్షణం ఆగుతోందా, ఒకే కీలును అదేపనిగా నాకుతోందా, తల విదిలిస్తోందా, చెవిలోంచి వాసన వస్తోందా, గట్టి వస్తువు కొరకడం మానేసిందా గమనించండి. చెవి, పన్ను నొప్పులు కూడా రాత్రిపూట ఇలాగే వేధిస్తాయి. మీరుగా కీళ్లు నొక్కి చూడవద్దు. ఎంత సాధువైన కుక్కయినా నొప్పికి కరుస్తుంది. ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ బిళ్లలు అసలే వేయవద్దు. మనం మామూలుగా మింగే మోతాదు కుక్క కాలేయాన్ని, కడుపును, మూత్రపిండాలను దెబ్బతీసి ప్రాణం మీదికి తేవచ్చు. నొప్పి బిళ్ల వేశాక రక్తపు వాంతులతో వచ్చిన కుక్కలను చూశాను. వేసిన వారందరూ ప్రేమతోనే వేశారు.

తర్వాత చూడాల్సింది కళ్లు. మామూలు కుక్కకు మసక వెలుతురులో మనకంటే చూపు బాగా ఆనుతుంది. అలాంటిది చీకట్లోకి అడుగు పెట్టనంటోందంటే రేచీకటిని అనుమానించాలి. లాబ్రడార్లలో వంశపారంపర్యంగా కంటిపొర క్షీణించే జబ్బు ఒకటి ఉంది. అందులో మసక వెలుతురును పట్టే కణాలు ముందు పోతాయి, పగటి చూపు చాలాకాలం నిలుస్తుంది. జబ్బు మెల్లగా ముదిరినా ఇంటివారికి మాత్రం ఒక్క వారంలో వచ్చినట్టుంటుంది. ఎందుకంటే ఇల్లంతా కుక్కకు కంఠస్థం. ఎవరైనా బీరువా జరిపేదాకా, పెరట్లో ఇసుక పోయించేదాకా లోపం బయటపడదు. టార్చి వెలుగులో రాజా కళ్లు మునుపటికంటే ఎక్కువగా మెరుస్తున్నాయా? పగలు హాలులో రెండు కుర్చీలు, ఒక బకెట్టు అడ్డంగా పెట్టి అవతలి నుంచి పిలవండి. రాత్రి చిన్న దీపం వెలుగులో వాటి చోటు మార్చి మళ్లీ పిలవండి. పగలు తేలిగ్గా తప్పుకుని వచ్చి రాత్రి తడబడితే సమాధానం సగం దొరికినట్టే. దూదివుండను కళ్ల ముందు నుంచి జారవిడిచి చూపుతో అనుసరిస్తుందో లేదో కూడా చూడండి. పడేటప్పుడు దూది చప్పుడు చేయదు కాబట్టి చెవి సాయం ఉండదు.

వంశపారంపర్య రేచీకటికి మందు లేదు, అయితే అందులో నొప్పి ఉండదు, కుక్క సుఖంగా బతుకుతుంది. అదే మూత్రపిండాల జబ్బుతో రక్తపోటు పెరిగి కంటిపొర ఊడినా, పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా జ్వరంతో కంటి లోపల వాపు, రక్తస్రావం మొదలైనా చూపు రోజుల్లో పోతుంది. పిడుదులు కనిపించడం లేదు కదా అని ఆ జ్వరం పరీక్షను దాటవేయకండి. అవి రాలిపోయిన చాలాకాలానికి కూడా జబ్బు ఒంట్లో ఉండిపోతుంది.

పెద్ద వయసు కుక్కలకు మతిమరుపు జబ్బు కూడా వస్తుంది. మనుషుల అల్జైమర్స్‌కు దగ్గరగా ఉండే జబ్బు అది. పగలు పడుకుని రాత్రి తిరగడం, మూలల్లో ఇరుక్కుపోవడం, తలుపు తెరుచుకునే వైపు వదిలేసి మరో వైపు నిలబడటం, ఇంట్లోనే మూత్రం పోయడం దాని గుర్తులు. రాజా గోడ వైపు చూస్తోందన్న మాట ఒక్కటే దీనికి దగ్గరగా ఉంది, మిగతాది సరిపోలడం లేదు. నిద్రలోంచి హఠాత్తుగా లేచి, పిలిచినా పలకకుండా, దవడలు ఆడిస్తూ రెండు మూడు నిమిషాలు ఉండి తేరుకుంటే అది మూర్ఛ కావచ్చు, వీడియో తీయండి. దురదకు ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్ బిళ్లలు ఏవైనా వాడుతున్నారా? అవి కూడా కొన్ని కుక్కల్లో కుదురులేనితనం, అతిదాహం తెస్తాయి.

ఇప్పుడు ఎలుకల యంత్రం. మన చెవి పట్టగలిగే శబ్దం 20,000 హెర్ట్జ్ దాకానే. కుక్క చెవి దాదాపు 45,000 హెర్ట్జ్ దాకా పడుతుంది. ఈ యంత్రాలు చేసే చప్పుడు ఎక్కువగా ఆ రెండు హద్దుల మధ్యనో, ఆ పైనో ఉంటుంది. మీకు నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో రాజాకు రాత్రంతా ఈల మోగుతూ ఉండవచ్చు. పగటి రొదలో కలిసిపోయే శబ్దం రాత్రి నిశ్శబ్దంలో ఒంటరిగా వినిపిస్తుంది. స్నానాల గదిలోకి దూరడం కూడా ఆలోచింపజేస్తోంది. అంత పై స్థాయి శబ్దం గోడలు దాటి పోలేదు, తలుపు చాటు దొరికితే బాగా తగ్గుతుంది. మూడు రాత్రులు ఆ యంత్రాన్ని ప్లగ్గులోంచి తీసేయండి, స్విచ్చి ఆపి వదిలేయడం కాదు. ఆ మూడు రాత్రులూ రాజా ఉండే గదిలో ఇంకేదీ మార్చకండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు. యంత్రంతో పాటు ఎలుకల మందు కూడా పెట్టి ఉంటే ఆ పొట్లం దాచి వైద్యుడికి చూపించండి. కొన్ని మందులు తిన్న నాలుగైదు రోజులకు గానీ ఒంట్లో రక్తస్రావం బయటపడదు.

పెరడు విషయం వేరుగా చెప్పాలి. మీది శేషాచలం అంచు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక చిన్నారిని చిరుత పొట్టనపెట్టుకున్నాక ఆ ప్రాంతంలో వరుసగా చిరుతలను బోనుల్లో పట్టిన సంగతి మీకు తెలిసిందే. ఊరి అంచున తిరిగే చిరుతకు కుక్క తేలిగ్గా దొరికే ఆహారం. చిరుత తన తిరుగుడు దారిలో మూత్రంతో గుర్తులు వేసుకుంటూ పోతుంది, ఆ వాసన చాలు కుక్క గడప దగ్గర ఆగిపోవడానికి. దీన్ని తేల్చుకోవడానికి ఒక మార్గం ఉంది. రాజా బెదిరే వేళకు మీ వీధి కుక్కలు ఏం చేస్తున్నాయి? అవి కూడా గుంపుగా మొరిగి హఠాత్తుగా నోరు మూసుకుంటున్నా, పొరుగింటి కుక్కలు కూడా బయటికి రానంటున్నా కారణం గోడ అవతల ఉంది. అవన్నీ నిశ్చింతగా ఉండి రాజా ఒక్కతే వణుకుతుంటే మీ ఇంట్లోనో దాని ఒంట్లోనో వెతకాలి. తెల్లవారాక గోడ వెంట తడిమట్టిలో అడుగుజాడలు చూడండి. కుక్క అడుగులో గోళ్ల గుర్తులు పడతాయి, చిరుత అడుగులో సాధారణంగా పడవు. అనుమానం వస్తే ఫొటో తీసి అటవీశాఖ వారికి చూపించండి. రాత్రిపూట టార్చి పట్టుకుని ఒంటరిగా వెళ్లి చూడకండి. ఎలుకలు చేరిన చోటికి పాములూ వస్తాయి. కట్టెల మోపు, ఇటుకల గుట్ట పగలే, చెప్పులు కాదు బూట్లు వేసుకుని సర్దించండి. ఒక్క తేలుకాటు చాలు, కుక్క ఆ మూలకు నెలల తరబడి పోదు.

భయం ఎలా పాకుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ. పలమనేరు వైపు ఒక రైతు కుటుంబం తమ పొలం కుక్కను తెచ్చింది. చేలల్లోకి దిగిన ఏనుగులను తరమడానికి వరుసగా కొన్ని రాత్రులు టపాసులు కాల్చారు. కుక్క మొదట పేలుడుకు భయపడింది. తర్వాత అగ్గిపెట్టె గీసిన చప్పుడుకే, చివరికి చీకటి పడగానే మంచం కింద దూరసాగింది. అగ్గిపుల్ల తర్వాత పేలుడు, చీకటి తర్వాత అగ్గిపుల్ల అని అది వరస కట్టుకుంది. దాన్ని విప్పడానికి ఇంటివారు నెలన్నర ఓపిక పట్టారు. పగటిపూట, దూరంగా, అగ్గిపుల్ల గీసిన ప్రతిసారీ ఉడికించిన కోడిమాంసం ముక్క పెట్టారు. కుక్క తినడం ఆపిన రోజున ఇంకా దూరం జరిగారు. రాజాకు కూడా కారణం తొలగాక ఆ అలవాటు భయం కొంతకాలం మిగలవచ్చు.

భయంతో దగ్గరకు వచ్చినప్పుడు తడిమితే భయం ఇంకా పెరుగుతుందని చాలామంది చెబుతారు. అది తప్పు. భయం మనసులో పుట్టే బాధ, ఓదార్పు వల్ల ఎక్కువ కాదు. రాజా మీ ఒడిలోకి వస్తే దగ్గరకు తీసుకోండి. మంచం కిందే ఉంటానంటే బయటికి లాగకండి, అక్కడే దాని గుడ్డ పరవండి. సాయంత్రం వెలుతురు ఉండగానే మూత్రానికి తిప్పి తీసుకురండి, రాత్రి అవసరమైతే ముందు వాకిలి వైపు, గొలుసు చేత్తో పట్టుకుని. మీ అత్తగారు దిష్టి తీయడంలో రాజా మీద ఉన్న మమకారం నాకు అర్థమైంది. ఆమెను నొప్పించకండి. ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేసేటప్పుడు మాత్రం రాజాను వేరే గదిలో ఉంచమనండి. ఆ ఘాటు మన ముక్కుకే అంత మంటైతే దాని ముక్కుకు ఎంతో ఊహించండి. నిద్రపట్టడానికి మందు ఇమ్మని దుకాణంలో అడగవద్దు. కొన్ని మత్తుమందులు కుక్కను కదలకుండా పడేస్తాయి గానీ లోపలి భయాన్ని తగ్గించవు. భయాన్నే తగ్గించే మందులు వేరే ఉన్నాయి, పరీక్ష చేసిన వైద్యుడే వాటిని ఎంచాలి.

మీకు దగ్గర్లోనే శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి కళాశాల ఆసుపత్రి ఉంది. ఈ వారంలోనే తీసుకెళ్లండి. కీళ్లు, వెన్ను, చెవులు, పళ్లు పరీక్షించమని, కంటి లోపలి పొర చూడమని, రక్తపోటు కొలవమని, పిడుదుల జ్వరానికి, మూత్రపిండాలకు రక్తపరీక్ష చేయమని అడగండి. రాత్రి ఎన్ని గంటలకు మొదలైంది, ఎక్కడ నిలబడింది, ఎటు చూసింది, వీధి కుక్కలు అరిచాయా, కరెంటు ఉందా అని ప్రతిరోజూ రెండు వాక్యాలు రాసుకుని, ఒక వీడియోతో పాటు ఆ కాగితం చేతికివ్వండి. ఆసుపత్రి బల్ల మీద పగటివేళ రాజా ఎప్పటి రాజాలాగే ఉంటుంది. రాత్రి రాజాను వైద్యుడికి చూపించేది ఆ కాగితం, ఆ వీడియోనే. యంత్రం ప్లగ్గు మాత్రం ఈ రాత్రే తీసేయండి. హాలులో చిన్న దీపం వెలిగించి చూడటం నాలుగో రాత్రికి.