లోయర్ ఆర్మ్ మార్చడానికి వడ్డీకి తేవాలా, ఎఫ్‌డీ కదపాలా?

అంబాజీపేట నుంచి కొబ్బరికాయ లోడు తోలే ఒక పాఠకుడి ప్రశ్న ఇది. ఆయన చిన్న ట్రక్కుకు ముందు చక్రాల లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని కింద నుంచి బండి చట్రానికి పట్టి ఉంచే ఇనుప చేతులు) రెండూ మార్చాలని మెకానిక్ చెప్పాడట, ఒరిజినల్‌వి వేస్తే కూలీ, చక్రాలను సరైన కోణంలో నిలిపే అలైన్‌మెంట్ కలిపి 20,000. పాప ఫీజుకని దాచిన 60,000 ఎఫ్‌డీని ముట్టుకోకుండా నూటికి మూడు రూపాయల వడ్డీకి తేవాలా, లేక సీజన్ అయ్యేదాకా ఇలాగే తోలేయాలా అని అడిగారు.

తోలొద్దండి. ఆర్మ్ చివర చక్రం వైపు ఉండే కీలు, అదే బాల్ జాయింట్, బాగా లూజై ఊడిందంటే చక్రం ఒరిగిపోతుంది, స్టీరింగ్ తిప్పినా బండి మాట వినదు, పైగా మీరు తిరిగేవి పక్కనే కాలువ ఉండే గట్టు రోడ్లు. అరిగిపోయిన పార్టుకు ఇన్సూరెన్స్ రాదు కూడా.

ఇక డబ్బు సంగతి. నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం, 20,000కి నెలకు 600, అయిదు నెలలకు తీరుస్తానంటే వడ్డీయే 3,000. ఎఫ్‌డీ రద్దు చేయక్కర్లేదు, దాని మీదే బ్యాంకులో లోన్ అడగండి. మామూలుగా ఎఫ్‌డీ వడ్డీ కన్నా ఒకటి రెండు శాతం ఎక్కువ తీసుకుంటారు, అంటే మీ ఎఫ్‌డీ 7 శాతంది అయితే లోన్ 9 శాతం దాకా పడొచ్చు, అదే అయిదు నెలలకు 750. ఎఫ్‌డీ మీద వడ్డీ మాత్రం ఆగదు. ఫీజు కట్టే నెలకు ముందే తీరేలా లోడు డబ్బులు వచ్చినప్పుడల్లా కొంత జమ చేస్తూ పోండి.

బండి షెడ్డుకు తోలే ముందు ఇంకో మాట. ఆర్మ్ వంగకుండా, బాల్ జాయింట్ బాగుండి, ఆర్మ్ చట్రానికి తగిలే చోట ఉండే రబ్బరు బుష్‌లు మాత్రమే పోయుంటే, వాటిని ప్రెస్ చేయించి మార్చుకుంటే చాలా తక్కువలో అయిపోతుంది, కాబట్టి జాక్ ఎత్తి చక్రం ఊపి లూజు ఎక్కడుందో మీ కళ్ళముందే చూపించమనండి. వంగిన ఆర్మ్‌ను వేడిచేసి సరిచేస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు. బుష్ బోల్టులు చివరగా బిగించేది బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే, గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి తొందరగా చిరిగిపోతుంది, అప్పుడు ఇదే ఖర్చు మళ్ళీ మీ నెత్తిన పడుతుంది. అలైన్‌మెంట్ ఎగ్గొడితే ముందు టైర్లు ఒకపక్కే అరిగిపోతాయి, వాటి ఖరీదు మీకు చెప్పక్కర్లేదు. బిల్లు, పాత పార్టులు రెండూ అడిగి తీసుకోండి.