చేపకు వంశం రాసేటప్పుడు: ఒక యువ రచయితకు లేఖ

రాజమహేంద్రవరం

చిరంజీవికి ఆశీస్సులు.

గోదావరి చేపల పుట్టుపూర్వోత్తరాల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. యానాం రేవు, ఎర్రనీరు, తెల్లవారుజామున ఒడ్డుకు చేరే పడవలు కళ్లకు కట్టాయి. నీకు చూసే కన్ను ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. రెండో పేరాలో ఒక వాక్యం ఉంది: "ట్రౌట్, సాల్మన్‌లకు దగ్గరి చుట్టమైన పులస ఏటా ఆస్ట్రేలియా నుంచి గోదావరికి వలస వస్తుంది." వరదల కాలం రాగానే ఈ మాట ఎక్కడో ఒకచోట అచ్చవుతూనే ఉంటుంది కాబట్టి తప్పు నీ ఒక్కడిదే కాదు. కానీ చేపల వంశం గురించి రాసేవాడి చేతి నుంచి అది రాకూడదు.

ముందు చుట్టరికం సంగతి చూద్దాం. ట్రౌట్, సాల్మన్ ఒకే కుటుంబానికి చెందిన చల్లని నీటి చేపలు. పులస, సాల్మన్ రెండూ గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఏటికి ఎదురీదుతాయి. ఆ అలవాటు ఒకటే, వంశాలు వేరు. పులస మన కవళ్ల కులానిది, అంటే హెర్రింగ్ వర్గం. చేతిలోకి తీసుకుని చూస్తే తెలుస్తుంది. గొంతు నుంచి మలద్వారం దాకా పొట్ట కింది అంచు రంపంలా గరగరలాడుతుంది. పక్కల మీద తల నుంచి తోక దాకా సాగే గీత ఉండదు. ట్రౌట్‌కు ఆ గీత ఉంటుంది, పొట్ట నునుపు, వీపు మీద తోకకు దగ్గర్లో ముల్లు లేని చిన్న కండ రెక్క ఉంటుంది. పులసకు ఆ కండ రెక్క లేదు.

అయితే ఇక్కడే ఇంకో గోతిలో పడకు. మన జెల్లలకు కూడా ఆ కండ రెక్క ఉంది. అంతమాత్రాన జెల్ల ట్రౌట్‌కు దాయాది కాదు. ఒక్క లక్షణం పట్టుకుని చుట్టరికం కలపడం, ముక్కు చూసి గోత్రం చెప్పడం లాంటిది. ఎముకలు, డీఎన్‌ఏ కలిపి చూస్తే తేలింది వేరు: హెర్రింగ్ వర్గానికి దగ్గరి కొమ్మ బొచ్చె, శీలావతి, వాలుగ, జెల్లలు ఉన్న కొమ్మ. ట్రౌట్, సాల్మన్ ఇంకో పెద్ద కొమ్మ మీద ఉన్నాయి. అంటే పులసకు సాల్మన్ కన్నా లంకల గుంటలో తిరిగే వాలుగే దగ్గరి చుట్టం. నీ వ్యాసానికి ఎత్తుగడ కావాలంటే ఇదిగో, ఇక్కడ ఉంది. పుస్తెలమ్మి పులస తినే సామెతతో మొదలుపెట్టకు. అది రుచికి సంబంధించిన మాట, నువ్వు రాస్తున్నది వంశం.

ఆస్ట్రేలియా ముచ్చట పూర్తిగా తీసెయ్యి. ఈ చేప పర్షియన్ గల్ఫ్ నుంచి బంగాళాఖాతం మీదుగా మయన్మార్ తీరం దాకా ఉంటుంది. యూఫ్రటీస్, సింధు, గంగ, ఐరావతి నదుల్లోకీ ఎక్కుతుంది. మన మొగల్లోకి వచ్చేది మన సముద్రంలో తిరిగే చేపే.

పేర్ల దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే నీ వ్యాసంలో 'జాతి' అన్న మాట నాలుగు అర్థాల్లో వాడావు. బడి పుస్తకాల పద్ధతే పట్టుకో: జాతి, దాని పైన ప్రజాతి, ఆపైన కుటుంబం. శాస్త్రీయ నామం మన పేర్ల వరసలోనే ఉంటుంది, ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. పులసకు టెన్యువలోసా ఇంటిపేరు, ఇలిషా సొంత పేరు. సముద్రంలో పడితే విలస, ఏట్లో పడితే పులస అని జాలర్లు రెండు పేర్లతో పిలుస్తారు. నువ్వు వాటిని రెండు జాతులన్నావు. జాతి ఒక్కటే, నీళ్లు రెండు. ఆ రెండు పేర్లూ తప్పని మాత్రం రాయకు. చేప ఏ నీటిలో ఉందో, ఏ స్థితిలో ఉందో వాళ్ల మాట చెబుతోంది. శాస్త్రీయ నామం చెప్పలేని సంగతి అది.

ఇంకో సంగతి నువ్వు వాడుకోవాలి. ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం చేపలకు బొమ్మలు గీయించి, స్థానిక పేర్లు ఇంగ్లీషు లిపిలో రాయించి 1803లో అచ్చు వేశాడు. అందులో ఈ చేప 'పలాస' అని ఉంది. దాన్ని ఆధారం చేసుకుని 1829లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్యూవియే 'క్లూపియా పలాస' అని పేరు పెట్టాడు. అయితే హామిల్టన్ అనే స్కాట్లండ్ శాస్త్రజ్ఞుడు గంగ చేపను చూసి 1822లోనే 'ఇలిషా' అని పెట్టేశాడు. ముందు పెట్టిన పేరే నిలుస్తుందన్నది నియమం కాబట్టి మన తెలుగు పేరు పర్యాయనామంగా మిగిలిపోయింది. ఏడేళ్ల తేడా. ఇలాంటిది వ్యాసం మధ్యలో పడితే పాఠకుడు ఆగి చదువుతాడు.

ఇక ట్రౌట్. దాన్ని వ్యాసంలోంచి తీసెయ్యమనను, పోలికగా ఉంచు. కానీ నీలగిరుల్లో, కాశ్మీరులో ట్రౌట్ 'మన దేశపు చేప' అన్న మాట మార్చాలి. ట్రౌట్‌లు భారతదేశానికి సహజంగా చెందినవి కావు, బ్రిటిష్ కాలంలో బయటి నుంచి తెచ్చి వదిలినవి. హిమాలయాల్లో 'స్నో ట్రౌట్' అని పిలిచేది బొచ్చె కుటుంబపు చేప, పేరే ట్రౌట్. ఇంద్రధనుస్సు ట్రౌట్‌ను యూరప్ గోధుమరంగు ట్రౌట్ ప్రజాతిలోనే చాలాకాలం ఉంచి, పసిఫిక్ సాల్మన్‌లకే దగ్గరని తేలాక 1989లో వాటి ప్రజాతికి మార్చారు. అంటే 'ట్రౌట్' అన్నది ఒక ఇంటిపేరు కాదు, కొన్ని ఇళ్లకు కలిపి పెట్టిన ముద్దుపేరు. ట్రౌట్, సాల్మన్‌ల కుటుంబం మొత్తానికి పూర్వీకుడైన చేపలో 8–10 కోట్ల ఏళ్ల క్రితం జన్యుపదార్థం మొత్తం రెట్టింపయింది. ఆ జంట ప్రతుల జాడ ఈనాటి ట్రౌట్‌లోనూ కనిపిస్తుంది.

ట్రౌట్ నుంచి మనం నేర్చుకోవాల్సింది అమెరికాలోని కొలరాడో రాష్ట్రపు ఉదాహరణ. అక్కడ 'గ్రీన్‌బ్యాక్ కట్‌త్రోట్' అనే స్థానిక ట్రౌట్‌ను దశాబ్దాల పాటు పెంచి వాగుల్లో వదిలారు. 2012లో, పందొమ్మిదో శతాబ్దంలో పట్టి మ్యూజియంలో దాచిన నమూనాల డీఎన్‌ఏతో పోల్చి చూస్తే, అసలు గ్రీన్‌బ్యాక్ వంశం ఒకే ఒక్క వాగులో, అదీ దాని సొంత నదీ పరీవాహకం బయట, బేర్ క్రీక్‌లో మిగిలిందని తేలింది. మనుషులు చేపపిల్లల్ని ఎక్కడ పడితే అక్కడ వదలడంతో చిరునామాలన్నీ కలగాపులగమైపోయాయి. స్థానిక చేప అన్న మాట వాడేముందు మూడు ప్రశ్నలు వేసుకో: ఈ నీటిలో ఎప్పటి నుంచి ఉంది? ఎవరైనా తెచ్చి వదిలారా? వదిలిన దానితో కలిసిపోయిందా?

ఈ మూడు ప్రశ్నలూ డెల్టాకు అచ్చంగా సరిపోతాయి. మార్పు చేప సంగతి చూడు. మన దేశపు మార్పును చాలాకాలం జావా చేప పేరుతో, క్లారియాస్ బట్రాకస్ అని రాశారు. ఇప్పుడు క్లారియాస్ మాగుర్ అని వేరుగా గుర్తిస్తున్నారు. పాత పుస్తకం పేరు ఎత్తి రాస్తే మన చేపను జావాకు అప్పగించినట్టే. సంతలో 'క్యాట్‌ఫిష్' పేరుతో దొరికేది చాలాసార్లు ఆఫ్రికా నుంచి వచ్చిన క్లారియాస్ గారీపినస్. దాని పెంపకం మన దేశంలో నిషిద్ధం. ఈ మూడింటినీ ఒక్క మాటలో కలిపేశావు, విడదీయి.

బొచ్చె, శీలావతి విషయం ఇంకా సున్నితం. హేచరీల్లో ఈ జాతులు ఒకదానితో ఒకటి సంకరమవుతాయి. జాతి గుర్తించడానికి ప్రయోగశాలలు సాధారణంగా చదివేది సీఓఐ అనే జన్యువులో సుమారు 650 అక్షరాల ముక్క. అది తల్లి నుంచి మాత్రమే వస్తుంది. కాబట్టి బొచ్చె తల్లికి, శీలావతి తండ్రికి పుట్టిన పిల్లను ఆ పరీక్ష నిక్షేపంగా బొచ్చె అనే చెబుతుంది. 'డీఎన్‌ఏ పరీక్షలో స్వచ్ఛమని తేలింది' అని రాసేముందు ఏ పరీక్ష అని అడుగు.

కొల్లేరులోనూ డెల్టా ఉప్పుటేళ్లలోనూ, కేరళవాళ్లు కరిమీన్ అనే చేప ఉంది. నువ్వు దాన్ని ఒక్క ముక్కలో దాటేశావు, నా లెక్కన దానికి రెండు పేజీలు పడతాయి. అది సిక్లిడ్ కుటుంబానిది. దాని దగ్గరి చుట్టాలు మడగాస్కర్‌లో ఉన్నాయి. భారత భూఖండం మడగాస్కర్ నుంచి విడిపోయింది దాదాపు 9 కోట్ల ఏళ్ల క్రితం. నేల చీలినప్పుడే చేపలూ విడిపోయాయని ఒక వాదం. కానీ ఇప్పటిదాకా దొరికిన అతి పాత సిక్లిడ్ శిలాజాల వయసు సుమారు 4.6 కోట్ల ఏళ్లే, అందుకని తర్వాత సముద్రం దాటి వచ్చాయని రెండో వాదం. రెండూ రాయి, ఏది దేని మీద నిలబడిందో చెప్పు. అదే కుటుంబపు ఆఫ్రికా చేప తిలాపియాను 1952లో మన దేశానికి తెచ్చారు. ఇవాళ రెండూ ఒకే కాలువలో గూళ్లు పెడుతున్నాయి. కోట్ల ఏళ్ల ఎడబాటు తర్వాత కలిసిన దాయాదులు ఒకే చోటు కోసం పోటీ పడుతుంటే, రాసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు వాక్యాల సంగతి. 'ఎదురీదడం కోసం పులస బలమైన తోకను సంపాదించుకుంది' అన్నావు. పరిణామంలో 'కోసం' ఉండదు. బలంగా ఈదగలిగినవి పైకి చేరి గుడ్లు పెట్టాయి, వాటి పిల్లలే మిగిలాయి. ఆ వరసలో చెప్పు. 'ఆదిమ చేప', 'అభివృద్ధి చెందిన చేప' అనే మాటలు కూడా వద్దు. ఇవాళ బతికున్న ప్రతి చేపకూ వెనక ఉన్న కాలం ఒకటే, నిచ్చెన మీద పైమెట్టు, కిందమెట్టు లేవు. మిలియన్లను తెలుగు లెక్కలోకి మార్చు, మార్చేటప్పుడు సున్నాలు చూసుకో: 10 లక్షలు ఒక మిలియన్, 46 మిలియన్లు 4.6 కోట్లు. నీ ప్రతిలో ఒకచోట 46 కోట్లు అయింది.

'గోదావరి నీళ్లు తాగి పులసకు రుచి వస్తుంది' అన్నచోట లోపలి పని చెప్పు. సముద్రంలో ఉప్పు చేప ఒంటి నీటిని బయటికి లాగేస్తుంది, అందుకని చేప ఉప్పునీరు తాగుతూ, ఉప్పును మొప్పల గుండా బయటికి నెడుతుంది. ఏట్లో ఈ లెక్క తిరగబడుతుంది: నీరు దానంతటదే లోపలికి వస్తుంది, చేప తాగడం మాని, పల్చటి మూత్రంగా దాన్ని వదిలి, మొప్పలతో ఉప్పును లోపలికి పట్టుకుంటుంది. ఈ మార్పు మొగ దగ్గర, పోటూపాటుల మధ్య జరుగుతుంది. ప్రయాణానికి కావలసిన కొవ్వు సముద్రంలోనే కూడబెట్టుకుంటుంది. ఆడచేప లక్షల్లో గుడ్లు వదులుతుంది, అవి నీటి వాలుకు కొట్టుకుపోతూ ఒక రోజు అటూఇటూగా పొదుగుతాయి. ప్రవాహం ఎందుకు కావాలో పాఠకుడికి అక్కడే అర్థమవుతుంది.

ఆ తర్వాత ధవళేశ్వరం రావాలి. 1852లో ఆనకట్ట, తర్వాత దాని స్థానంలో బ్యారేజీ. చేపకు అడ్డు ఎంత కొత్తదో కోట్ల ఏళ్ల పక్కన పెట్టి చూపించు. చైనాలో ఇదే ఇంటిపేరున్న టెన్యువలోసా రీవ్సీ యాంగ్‌ట్సీ నదికి ఎక్కేది. ఆనకట్టలు, అతిగా పట్టడం కలిసి దాన్ని కనిపించకుండా చేశాయి. హెచ్చరికకు ఆ ఉదాహరణ చాలు.

ఒడ్డున నువ్వు చేయాల్సిన పని కూడా చెప్తాను. పులస పడితే కొనేవాడు పక్కనే నిలబడి ఉంటాడు, నీకు దొరికేది రెండు నిమిషాలు. ముందే అనుమతి అడుగు. ఎడమ పక్క పైకి ఉండేలా పెట్టి, పక్కన స్కేలు ఉంచి ఫొటో తీయి. మూతి నుంచి తోక చివరి దాకా, మూతి నుంచి తోక రెక్క మొదలు దాకా రెండు కొలతలు వేరుగా రాసుకో. ఒకటే రాస్తే తర్వాత దేనితోనూ పోల్చలేవు. పైదవడ మధ్యలో నొక్కు ఉందో లేదో చూడు. పొట్ట అంచు పళ్లు లెక్కపెట్టు, ఇలిషాకు 30 నుంచి 33 ఉంటాయి. విలస పేరుతో దాని అన్నదమ్ములూ అమ్ముడుపోతాయి కనుక లెక్క అవసరం. వల ఎక్కడ వేశారు, పోటా పాటా, నీటి రంగు ఏమిటి అన్నవి జాలరిని అడిగి అతని మాటల్లోనే రాయి. ప్రయోగశాలకు పంపాలంటే గోరంత రెక్క ముక్క, దానికి పదింతల 95 శాతం ఆల్కహాలులో వేసి, మర్నాడు ఆల్కహాలు మార్చు. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ చెడిపోతుంది.

తల ఎవరి ఇంటికి పోతోందో కనుక్కుని, కూర అయ్యాక మిగిలే చెవిరాళ్లు దాచిపెట్టమని అడుగు. ఏటేటా పొరలు చేరే గింజంత రాయి అది. సముద్రంలో ఉన్నప్పుడు వేసిన పొరలో కాల్షియంతో పోలిస్తే స్ట్రాన్షియం ఎక్కువ, మంచినీటిలో వేసిన దాంట్లో తక్కువ. ఆ చేప ఎన్నిసార్లు మొగ దాటిందో అందులో రాసి ఉంటుంది.

ఈ నెల ఎర్రనీరు తగ్గేలోపు ఒకసారి కోటిపల్లి వైపు, ఒకసారి నర్సాపురం వైపు వెళ్లిరా. గౌతమి, వసిష్ఠ రెండు పాయల చేపనూ కొలిచాక తిరగరాయి. కొత్త ప్రతితో పాటు ఆ కొలతల కాగితాలు కూడా పంపు, ముందు అవే చూస్తాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి