వరాళి ఎవరు నేర్పాలి?

ప్రశ్న: మేడమ్, మాది ఒంగోలు. డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. చిన్నప్పటి నుంచి గాత్రం నేర్చుకుంటున్నాను. టీనేజ్ పిల్లల కోసం ఒక ఫాంటసీ నవల రాస్తున్నాను. పాటతో మాయ చేయడం నేర్పే విద్యాలయం, అక్కడ ఒకే బిరుదు కోసం పోటీపడే అమ్మాయి, అబ్బాయి. నాలుగు అధ్యాయాలు తిట్టుకుంటారు. అయిదో దాంట్లో ప్రేమలో పడతారు. చదివిన ఫ్రెండ్ "ఎందుకు పడ్డారో నాకు తెలియలేదే" అంది. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. విద్యాలయాన్ని మంచు కొండల్లో పెట్టాను. మన ఊళ్ళు పెడితే ఫాంటసీలా ఉండదేమోనని భయం. మొదటి అధ్యాయాలు పంపుతున్నాను. చదివి చెప్పండి.

జవాబు: అమ్మా, చదివాను. నీ ఫ్రెండ్ సరిగ్గానే పట్టుకుంది. నీ ఇద్దరి తిట్లలో సంగీతం లేదు. అతను ఆమెను పొగరుబోతు అంటాడు, ఆమె అతన్ని గొప్పింటి బిడ్డ అంటుంది. ఈ మాటలు ఏ కాలేజీ క్యాంటీన్‌లోనైనా వినపడతాయి. పాడేవాళ్ళ మధ్య వైరం పాట దగ్గరే మొదలవుతుంది. ఆమె పాడగానే సభంతా చప్పట్లు కొట్టాలి, అతనొక్కడు కొట్టకూడదు. బయటికి వచ్చాక "రెండో కాలంలో పంచమం కాస్త దిగింది" అనాలి. ఆమెకు ఒళ్ళు మండాలి. ఆ రాత్రి తంబురా శ్రుతి పెట్టుకుని మళ్ళీ పాడి చూసుకుంటే అతను అన్నది నిజమని తేలాలి. తన పాటను అంత శ్రద్ధగా విన్న మనిషి అక్కడ ఇంకొకరు లేరని ఆ కోపంలోనే ఆమెకు తెలియాలి. అలా అయితే అయిదో అధ్యాయానికి ఎవరూ కారణం అడగరు.

ఇక మాయ. నీ కథలో ఎవరు ఏం పాడితే అది జరిగిపోతోంది. పాడినవాళ్ళు పోగొట్టుకునేది ఏమీ లేదు. దీనికి నియమాలు ఎక్కడినుంచో తెచ్చుకోనక్కర్లేదు, మన రాగాల్లోనే ఉన్నాయి. వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితులు తమిళనాడులోని ఎట్టయపురం దారిలో ఎండిన నేల చూసి అమృతవర్షిణి రాగం పాడితే వాన పడిందని చెప్పుకుంటారు. ఆ రాగంలో రిషభం (రి), ధైవతం (ద) ఉండవు. వానను పిలిచిన గొంతు ఆ రెండు స్వరాలనూ నెల్లాళ్ళు పోగొట్టుకుంటుంది అని నీ కథలో ఒక నియమం పెట్టు. ఇప్పుడు నీ నాయిక వాన తెప్పించింది. ఊరు పండగ చేసుకుంది. ఆ తర్వాత పుష్య బహుళ పంచమి వచ్చింది. త్యాగరాజ ఆరాధన, అందరూ కలిసి ఆయన పంచరత్నాలు పాడాలి. అయిదు కీర్తనలు, ఒక్కోటి ఒక్కో రాగం. నాట, గౌళ ఎలాగో గడిచాయి. మూడోది ఆరభి. రి, ద లేకుండా ఆరభి ఎలా పాడుతుంది? పెదవులు కదులుతున్నాయి, స్వరం రావడం లేదు. పక్కనే కూర్చున్న ప్రత్యర్థికి అది వినపడుతుంది. అతను ఆ రెండు స్వరాల దగ్గర మాత్రం గొంతు పెంచి ఆమె లోటు ఎవరికీ తెలియకుండా కప్పేస్తాడు. ఎందుకలా చేశాడో అతనికే తెలియదు. నాకైతే ఈ సీను చదవాలని ఇప్పుడే ఉంది.

నాలుగోది వరాళి. ఈ రాగాన్ని గురువు కూర్చోబెట్టి నేర్పితే గురుశిష్యులకు ఎడబాటు వస్తుందని మనవాళ్ళ నమ్మకం. వినే నేర్చుకోవాలి. మా గురువుగారు నెల్లూరు మూలాపేటలో ఉండేవారు. నాకు వరాళి పాఠం ఒక్కరోజూ చెప్పలేదు. పిల్లలంతా వెళ్ళిపోయాక లోపలి గదిలో తనకోసం పాడుకుంటున్నట్టు పాడేవారు. ఆ వేళకి వాళ్ళావిడ నాతో "కాసేపుండి ఈ బియ్యం ఏరిపెట్టి పోమ్మా" అనేవారు. చేటలో బియ్యం చాలాసార్లు అప్పటికే శుభ్రంగా ఉండేవి. నా వరాళి అంతా ఆ వరండాలో విన్నదే.

నీ విద్యాలయంలో గురువు నేర్పడానికి వీల్లేని రాగం ఇదే కావాలి. అతనికి వాళ్ళ తాత దగ్గర విని వచ్చింది, ఆమెకు రాదు. బిరుదుకి అది తప్పనిసరి. అతను తలుపు వేసుకుని సాధన చేస్తాడు. ఆమె బయట గోడకు ఆనుకుని వింటుంది. ఒకరోజు అతను ఆమె నీడ చూస్తాడు. చూసి ఏమీ అనడు, మర్నాడు కిటికీ తెరిచి పెడతాడు, అదే సంగతిని నిదానంగా రెండోసారి పాడతాడు. ప్రేమ అనే మాట అక్కడ రాయొద్దు.

మంచు కొండలు వదిలెయ్యి. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. ఆ ఊరు మన కంభం దగ్గరిదే. మరో వాగ్గేయకారుడు శ్యామశాస్త్రి పూర్వీకులూ కంభం వైపు నుంచి వెళ్ళినవాళ్ళే అంటారు. నల్లమల కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువు గట్టు మీద నీ విద్యాలయం పెట్టు. లేదా భైరవకోనలో పెట్టు. కొండను తొలిచిన శివాలయాలు, పక్కనే దూకే జలపాతం, ఆ హోరులో శ్రుతి నిలబెట్టుకోవడమే మొదటి పరీక్ష. ఒక్క వాన కోసం ఆకాశం వైపు చూసే మెట్టలో అమృతవర్షిణి విలువ ఎవరికీ వివరించనక్కర్లేదు.

ఒక్కటి మర్చిపోయాను. హార్మోనియం మీద ఒకటో శ్రుతిలో మోహన రాగం వాయించు. అవే అయిదు మెట్లు, కానీ పంచమాన్నే షడ్జమంగా పట్టుకుని మొదలుపెట్టు. శుద్ధసావేరి వస్తుంది. గాంధారం నుంచి పట్టుకుంటే హిందోళం. దీన్నే గ్రహభేదం అంటారు. మగపిల్లలు ఒకటో శ్రుతిలో, ఆడపిల్లలు అయిదో శ్రుతిలో పాడటం మామూలే కదా. ఒకటో శ్రుతిలోని పంచమమే అయిదో శ్రుతికి షడ్జమం. అతనిది మోహనం, ఆమెది శుద్ధసావేరి, రెండు మాయలకూ పడదని అందరూ అనుకుంటూ ఉండాలి. చివరి పోటీలో వాళ్ళిద్దరూ పాడుతున్నవి అవే మెట్లని తెలియాలి.

ప్రశ్న: మాది చీమకుర్తి. మా తాత డోలు వాయించేవారు. నేనూ ఇలాంటి కథే రాస్తున్నాను, నా హీరోది నాదస్వరం. ఫ్రెండ్స్ "పెళ్ళిమేళం హీరో ఏంట్రా, గిటార్ పెట్టు" అంటున్నారు. మార్చాలా?

జవాబు: మార్చొద్దు నాయనా. ఒంగోలు పక్కనే ఉన్న కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా ఈ వాద్యంతోనే శ్రీరంగం వెళ్ళి స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి అందుకున్నారు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ భార్యాభర్తలు, జంటగా వాయిస్తారు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ ఇచ్చారు.

నీ ఫ్రెండ్స్‌కి ఇంకోటి చెప్పు. నాదస్వరానికి వేళ్ళు ఆడే రంధ్రాలు ఏడే. మధ్యలోని స్వరాలు, గమకాలు అన్నీ ఊపిరి ఒత్తిడితో, నోట పెట్టుకుని ఊదే పీక మీద పెదవుల పట్టుతో రావాలి. జంటగా వాయించేటప్పుడు ఒకరు ఊపిరి తీసుకునే చోట రెండోవారు నాదం తెగనివ్వకూడదు. మాటామాటా లేని ఇద్దరిని బ్రహ్మోత్సవాల్లో ఒకే జోడీగా నిలబెట్టు. నెల్లూరు తల్పగిరి రంగనాథుడి ఉత్సవంలో స్వామి మాడవీధుల్లో కదులుతున్నంతసేపూ వాళ్ళు ఆగడానికి వీల్లేదు. అవతలివాళ్ళ ఊపిరి ఎప్పుడు అయిపోతుందో తెలియకపోతే ఆ వీధి దాటలేరు. మీ తాతగారి డోలుకూ అక్కడ చోటివ్వు. లయ తప్పిన ఇద్దరినీ దారికి తెచ్చేది ఆయనే.

ప్రశ్న: ఇలాంటి కథల్లో చివరి పోటీ ఎవరు గెలవాలి? ఇద్దరూ సమానం అంటే మోసం కాదా? (ఇంటర్ విద్యార్థిని, కావలి)

జవాబు: మోసమే. ఒకరు ఓడాలి. బొబ్బిలి కేశవయ్య తంజావూరు వచ్చి అక్కడి విద్వాంసులను సవాలు చేసినప్పుడు, శ్యామశాస్త్రి కామాక్షి గుడిలో చింతామణి రాగంలో అమ్మవారికి మొరపెట్టుకుని సభకు వెళ్ళారని కథ. కేశవయ్య 128 అక్షరాల సింహనందన తాళం వేస్తే, శాస్త్రిగారు శరభనందనం అనే ఇంకో తాళం వేసి గెలిచారట. నేను విన్నవాళ్ళంతా కథను అక్కడే ఆపేశారు. ఓడిన కేశవయ్య ఆ రాత్రి ఏం చేశాడో నాకు చిన్నప్పటి నుంచి తెలుసుకోవాలని ఉండేది.

నువ్వు అక్కడి నుంచి రాయి తల్లీ. ఓడినవాళ్ళకు ఏ స్వరం దగ్గర ఓడిపోయారో కచ్చితంగా తెలియాలి. గెలిచినవాళ్ళకీ తెలియాలి. మర్నాడు తెల్లవారుజామున సాధకానికి ఇద్దరూ వస్తారా, వస్తే ముందు తంబురా ఎవరు తీస్తారు అన్నది రాసి నాకు పంపు.