బొంబాయి ప్లేగు కథకు బొమ్మలు వేయబోతున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు ఉద్యోగానికి ఆరు నెలలు సెలవు పెట్టి, 1897 నాటి బొంబాయిలోకి వెళ్లిపడే వైద్య విద్యార్థిని కథను బొమ్మల్లో చెప్పబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పగానే గర్వంతో ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

పేజీలో గళ్లు ఎలా కూర్చాలో నీకు నేను నేర్పనక్కరలేదు. పక్షిముక్కు తొడుగు పెట్టుకున్న వైద్యుణ్ణి వేయకు, అది పదిహేడో శతాబ్దపు యూరప్ వేషం. నీ కథానాయిక సంచిలో మాత్రలు ఎన్ని ఉన్నాయో మొదటి పేజీలోనే లెక్కపెట్టి చూపించు, అవి తరగకపోతే కథే లేదు. ఎలుకల ఒంటిమీది పురుగే ఈ జబ్బును మోస్తుందని ఆమె అరిచినంత మాత్రాన ఎవరూ నమ్మరు. 1898లో కరాచీలో సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు ప్రయోగం చేసి చూపించినా పండితులే చాలా ఏళ్లు ఒప్పుకోలేదు.

ఇక అసలు సంగతి. 1971లో నేనూ ఒక పిల్లల పత్రికకు ఇలాంటి కథే వేశాను. కాలయంత్రం దిగిన మన వీరుడు అన్నీ తెలిసినవాడు, బొంబాయి జనం ఏమీ తెలియనివాళ్లు. ప్లేగు రోగుల కోసం ఇళ్లు వెతికే సోదా బృందం తలుపు తట్టగానే ఇంటివాళ్లు రోగిని బియ్యం బస్తాల వెనక దాస్తారు, బస్తాల సందులోంచి రెండు కాళ్లు బయటికి కనిపిస్తూ ఉంటాయి. పిల్లలు పడిపడి నవ్వుతారనుకున్నాను. పత్రిక రాగానే మురిసిపోతూ తీసుకెళ్లి మా నాయనమ్మకు చూపించాను. నిజాం రాజ్యం నుంచి కూలికి వెళ్లిన తెలుగు కామాఠీల పేరనే ఏర్పడిన బొంబాయి కామాఠీపురలో ఆమె ఎనిమిదేళ్ల పిల్లగా ఆ ప్లేగు ఏడాదంతా గడిపిందన్న సంగతి అప్పటికి నాకు తెలియదు. ఆ గడిమీద బొటనవేలు పెట్టి చాలాసేపు చూసి, "కాళ్లే ఏసినవు, మొకమేదిరా?" అంది. ఆసుపత్రికి తీసుకుపోయిన పక్కింటివాళ్లు ఒక్కరూ తిరిగి రాకపోవడం చూసిన వాళ్లమ్మ, చంకలో గడ్డ లేచిన పెద్దకూతుర్ని నిజంగానే బస్తాల వెనక దాచిందట. సందులోంచి నాయనమ్మ పట్టుకున్న అక్క చెయ్యి తెల్లవారేసరికి చల్లబడిపోయిందట.

దాచడం మంచి పనని నేను అనడం లేదు. కానీ నీ కథానాయిక వాళ్లకు పాఠం చెప్పబోయే ముందు, ఆమెను వాళ్లు ఎందుకు నమ్మరో నువ్వు రెండు పేజీలైనా వేయాలి. ఆ 1897లోనే పుణెలో సావిత్రీబాయి ఫూలే జబ్బుపడ్డ పిల్లవాణ్ణి మోసుకెళ్లి తన కొడుకు నడిపే వైద్యశాలకు చేర్చి, ఆ జబ్బుతోనే మార్చి 10న కన్నుమూసింది. అలాంటి చోట నీ కథానాయికతో గిన్నెలు తోమించు, నీళ్లు మోయించు, ఆ తరువాత నోరు విప్పించు. నూరేళ్ల తరువాత పుట్టినంత మాత్రాన ఎవరికీ పెద్దరికం రాదు, నీకూ రాదు. కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు తల్లీ, రాత్రుళ్లు కూర్చుని కళ్లు పాడుచేసుకోకు.

నా పాత పేజీ అసలుప్రతిని ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఆ గడిలో కాళ్లను తెల్లరంగుతో కప్పేశాను. అక్కడ ముఖం నువ్వు వేయాలి. నాయనమ్మకు కుడి బుగ్గమీద సొట్ట పడేది, వాళ్ల అక్కకూ అలాగే పడేదట.

మీ పెదనాన్న