అడగండి, చెబుతాం: విస్తరణ సిబ్బందికి శిక్షణ, మారిన నిబంధనలు

(కొత్త సాగు పద్ధతులను రైతులకు చేరవేసే కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాల్లో పనిచేసే విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల నుంచి ఈ నెల వచ్చిన ప్రశ్నలివి.)

మా కేంద్రం కరపత్రాలు పదేళ్ల కిందటివి. నిషేధించిన పురుగు మందుల పేర్లు తీసేశాం. అయినా మొన్న రైతు సదస్సులో ఒకరు కరపత్రం చూపించి ‘ఈ మందు ఆపేశారు కదా’ అని నిలదీశారు. ఎక్కడ తప్పిపోతోంది?
- ఏరువాక కేంద్రం శాస్త్రవేత్త, కోస్తా జిల్లా

సస్యరక్షణ పట్టికలో పేరు కొట్టేసి ఊరుకుంటే ఇలాగే అవుతుంది. పాత మందులు పట్టిక బయట, వాక్యాల మధ్యలో దాక్కుని ఉంటాయి. ముందుగా వెతకాల్సినవి మూడు చోట్లు. ఒకటి విషపు ఎర. తవుడు, బెల్లం కలిపి పొగాకు లద్దె పురుగుకు పెట్టే ఎరలో ‘మోనోక్రోటోఫాస్ లేదా కార్బరిల్’ అని పాత కరపత్రాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. రెండోది పత్తిలో కాండానికి బొట్టు పెట్టే పద్ధతి. మోనోక్రోటోఫాస్ ఒక పాలు, నీళ్లు నాలుగు పాళ్లు అన్న వాక్యం చాలాచోట్ల అలాగే మిగిలిపోయింది. మూడోది కొబ్బరిలో వేరు ద్వారా మందు ఎక్కించడం. ఈ మూడూ ‘పద్ధతి’ కింద రాసినవి కాబట్టి, మందుల జాబితా సరిచేసేవారి కంట పడవు.

ఇక ఉత్తర్వుల సంగతి. 2018 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 18 మందులను నిషేధించింది. కార్బరిల్, మిథైల్ పారథియాన్, ఫెంథియాన్, డయాజినాన్, బెనోమిల్, ట్రైడెమార్ఫ్ సహా 12 వెంటనే ఆగిపోయాయి. మిగతా ఆరింటికి, అంటే అలాక్లోర్, డైక్లోర్వాస్, ఫోరేట్, ఫాస్ఫామిడాన్, ట్రయాజోఫాస్, ట్రైక్లోర్ఫాన్‌కు 2020 డిసెంబరు 31 వరకు గడువిచ్చారు. 2023 చివర్లో వచ్చిన ఉత్తర్వుతో డైకోఫాల్, డినోకాప్, మిథోమిల్ పోయాయి. మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణం రిజిస్ట్రేషన్లు రద్దయి, ఉన్న నిల్వలను గడువు తీరేదాకా అమ్ముకునే వెసులుబాటే మిగిలింది. కార్బోఫ్యూరాన్‌లో 3 శాతం గుళికలు తప్ప మిగతా రూపాలు లేవు. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడొద్దన్న ఆంక్ష మాత్రం 2005 నాటిదే. అందువల్ల వంగ, బెండ కరపత్రాల్లో ఆ పేరుంటే 2023 ఉత్తర్వును సాకుగా చెప్పడానికి లేదు, అది అంతకు చాలా ముందునుంచీ తప్పే.

దీనికి పూర్తిగా ఎదురు పొరపాటు ఇంకొకటుంది. 2020 మేలో కేంద్రం 27 మందుల నిషేధానికి ముసాయిదా ఇచ్చింది. అందులో మాంకోజెబ్, కార్బెండజిమ్, ఎసిఫేట్, క్లోరిపైరిఫాస్ కూడా ఉన్నాయి. ఆ ముసాయిదానే తుది ఉత్తర్వు అనుకుని వాట్సాప్‌లో తిప్పినవారు, సలహాలు మార్చినవారు ఉన్నారు. మూడేళ్ల తర్వాత వచ్చిన తుది ఉత్తర్వులో ఆ 27లో చాలావరకు నిషేధం కాలేదు, కొన్నిటికి కొన్ని పంటల మీద వాడకం మాత్రమే తీసేశారు. అంటే ‘మందు ఉంది, మీ పంటకు లేదు’ అన్న పరిస్థితి. మలాథియాన్, క్లోరిపైరిఫాస్ ఈ కోవలోకి వస్తాయి. కాబట్టి ఏ కాగితం చేతికొచ్చినా పైన ‘ముసాయిదా’ అని ఉందా, గెజిట్‌లో వచ్చిన తుది ఉత్తర్వేనా అన్నది మొదట చూడండి.

సరిచేసే పని ఇలా పెట్టుకోండి. కరపత్రాలన్నిటికీ ఒక పుస్తకం తెరిచి, ప్రతి మందుకీ నాలుగు గడులు గీయండి: సాధారణ నామం, శాతం-రూపం, ఏ పంటలో ఏ పురుగుకు లేబుల్ ఉంది, చివరిసారి ఏ తేదీన సరిచూశారు. బ్రాండు పేర్లతో వెతక్కండి, రెండు మందులు కలిపి అమ్మే జంట మందుల్లో రెండోది జారిపోతుంది. సరిచూడాల్సింది కేంద్ర క్రిమిసంహారక మందుల బోర్డు ప్రకటించే ఆమోదిత వాడకాల జాబితాతో. పొరుగు జిల్లా కరపత్రం మీదిలాగే పాతదై ఉండొచ్చు. కొత్త కరపత్రం అడుగున ‘సరిచూసిన తేదీ’ అచ్చువేయండి. పాత కట్టలను బీరువాలో దాచకండి. ఖరీఫ్ హడావుడిలో అటెండరు చేతికి దొరికేది అవే.

మండల స్థాయి సిబ్బందికి ఒకరోజు శిక్షణ ఇస్తున్నాం. ‘లీటరుకు 2 మి.లీ.’ అని అందరికీ కంఠతా వచ్చు, కానీ పొలంలో రైతు ఎకరాకు వేసే మందు మాత్రం తక్కువే. బోర్డు మీద ఎంత చెప్పినా ఎక్కడం లేదు.
- సస్యరక్షణ నిపుణుడు, కృషి విజ్ఞాన కేంద్రం

బోర్డు పక్కన పెట్టి పంపు ఎత్తించండి. 30 మంది ఉంటే అయిదుగురికి ఒకటి చొప్పున ఆరు పంపులు, ఆరు కొలజగ్గులు, టేపు, మేకులు, తాడు చాలు. మందు అక్కర్లేదు, ఉత్త నీళ్లే.

పది మీటర్లు వెడల్పు, పది మీటర్లు పొడవు గడి కొలిచి మేకులు పాతండి. పంపును ఒక గుర్తు దాకా నింపి, ఎప్పుడూ నడిచే నడకతోనే గడి మొత్తం పిచికారీ చేయమనండి. తర్వాత జగ్గుతో కొలుస్తూ మళ్లీ ఆ గుర్తు దాకా నింపితే, పోసిన నీళ్లే ఖర్చయిన నీళ్లు. ఎకరా సుమారు 4,047 చదరపు మీటర్లు కాబట్టి దాన్ని 40తో గుణిస్తే ఎకరాకు పట్టే నీళ్లు తేలతాయి. గడికి 5 లీటర్లయితే ఎకరాకు 200 లీటర్లు, 16 లీటర్ల పంపుతో పన్నెండున్నర ట్యాంకులు. మందు ఎకరాకు 200 మి.లీ. అయితే ట్యాంకుకు 16 మి.లీ.

ఇప్పుడు అదే గడిని చురుగ్గా నడిచే ఇంకొకరితో చేయించండి. ఆయనకు మూడున్నర లీటర్లే పడితే ఎకరాకు 140 లీటర్లు, ట్యాంకులు తొమ్మిదికి లోపే. ఆయన కూడా ట్యాంకుకు 16 మి.లీ. చొప్పునే పోస్తే ఎకరాకు పడేది 140 మి.లీ. మాత్రమే, మందు 30 శాతం తగ్గిపోయింది! ఆయన ట్యాంకుకు దాదాపు 23 మి.లీ. కలపాలి. ఈ తేడా వాళ్ల చేతులతోనే తేలితే, లీటరు లెక్క వదిలి ఎకరా లెక్క పట్టుకోవాలన్నది ఇక మీరు చెప్పనక్కర్లేదు. తైవాన్ పంపుతో (ఇంజినుతో నడిచేది) కొట్టేచోట ఈ తేడా ఇంకా పెద్దది, అది విడిగా కొలిపించండి.

చెడేది ఎక్కడంటే బ్యాటరీ పంపుల దగ్గర. మొదటి జట్టుకు నిండు చార్జింగు ఉంటుంది, మధ్యాహ్నానికి పంపు నీరసపడుతుంది, అంకెలు ఒకదానికొకటి పొసగవు. అందుకే ప్రతి జట్టూ గడిలోకి దిగే ముందు నాజిల్ కింద జగ్గు పెట్టి నిమిషం పాటు వచ్చిన నీళ్లు కొలవాలి. అదే మోడల్ కొత్త నాజిల్ ఇచ్చేదానికంటే 10 శాతం పైగా ఎక్కువ వస్తే నాజిల్ అరిగినట్టే, మార్చేయండి. పురుగు మందుకు హాలో కోన్, కలుపు మందుకు ఫ్లాట్ ఫ్యాన్ లేదా ఫ్లడ్ జెట్ అన్న పాఠం కూడా అక్కడే, నాజిళ్లు విప్పి చేతికిచ్చి చెప్పండి. ఉదయం ప్రారంభోపన్యాసాలు తగ్గించుకుంటే దీనికి రెండు గంటలు సులువుగా దొరుకుతాయి.

మా కేంద్రానికి డ్రోన్ వచ్చింది. ప్రదర్శనకు శాస్త్రవేత్తే ఎగరేయొచ్చా? కంపెనీవారు ‘రెండు రోజుల్లో నేర్పేస్తాం’ అంటున్నారు.

రెండు రోజుల్లో మీటలు వస్తాయి, అర్హత రాదు. 2021 డ్రోన్ నిబంధనలు, వాటికి 2022లో వచ్చిన సవరణ ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. దాన్ని పౌర విమానయాన డైరెక్టరేట్ అనుమతి ఉన్న శిక్షణ సంస్థ నుంచే పొందాలి. పదో తరగతి, 18 నుంచి 65 ఏళ్ల వయసు చాలు. డ్రోన్‌కు టైప్ సర్టిఫికెట్, విశిష్ట గుర్తింపు సంఖ్య ఉన్నాయో లేదో బిల్లు పాస్ చేసే ముందే చూసుకోండి. ఎగరేసే రోజు ఆ ఊరు ఆకుపచ్చ మండలంలో (విడిగా అనుమతి అక్కర్లేని గగనతలం) ఉందో లేదో మ్యాప్‌లో తప్పక చూడాలి. విమానాశ్రయం దగ్గరి ఊళ్లయితే మరీ.

పిచికారీకి వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో సాధారణ విధివిధానాలు, 2023లో వరి, పత్తి, మొక్కజొన్న, వేరుశనగ వంటి పది పంటలకు విడివిడిగా విధివిధానాలు ఇచ్చింది. ముందు మీ పంటది చదవండి. డ్రోన్‌లో ఎకరాకు నీళ్లు దాదాపు 10 లీటర్లే, మందు మోతాదు మాత్రం మారదు. అంటే ట్యాంకులో ద్రావణం మామూలుకంటే ఇరవై రెట్లు చిక్కన. పొడి మందులు సరిగా కరగక నాజిల్ మూసుకుపోవడం, పక్క చేనుకు కొట్టుకుపోతే ఆకు మాడడం ఇందువల్లే. వేరే బకెట్లో ముందే కలిపి, వడగట్టి పోయండి. కలిపేవారికి చేతి తొడుగులు, ముఖానికి కవచం చేతి పంపు రోజుల కంటే ఇప్పుడే ఎక్కువ అవసరం.

ప్రదర్శన క్షేత్రాల నివేదికలో ‘సాంకేతిక అంతరం’ మైనస్ వచ్చింది. పై నుంచి వెనక్కి పంపారు. తప్పు లెక్కలోనా?

లెక్క తేలికే. రకం సామర్థ్యం ఎకరాకు 25 క్వింటాళ్లు, మీ ప్రదర్శనలో 20, పక్కనే రైతు సొంత పద్ధతిలో 16 అనుకోండి. సాంకేతిక అంతరం (సామర్థ్యానికి, ప్రదర్శనకు తేడా) 5, విస్తరణ అంతరం (ప్రదర్శనకు, రైతు పద్ధతికి తేడా) 4, సాంకేతిక సూచిక 5ను 25తో భాగించి నూటితో గుణిస్తే 20 శాతం. మైనస్ వచ్చిందంటే సామర్థ్యం అంకె వర్షాధారపుదై, ప్రదర్శన నీటి వసతి కింద చేసినదై ఉండొచ్చు. లేదా పచ్చి గింజ తూకం వేసి ఉంటారు, తేమ సరిచేయలేదు. హెక్టారు, ఎకరా కలిసిపోవడం మూడోది, ఇదే ఎక్కువ. ఇంకో మాట: రైతు దిగుబడి అంటే నిరుటిది కాదు, ఈ ఏడాదే, ప్రదర్శన గట్టు పక్కనే కోసి తూచినది.

సహజ సాగు మిషన్ కింద కృషి సఖులకు (ఊళ్లో తోటి రైతులకు సాగు పద్ధతులు చెప్పే మహిళలు) శిక్షణ ఇస్తున్నాం. వీళ్లు మా ఉద్యోగులు కారు. లైంగిక వేధింపుల చట్టం వీళ్లకు వర్తిస్తుందా? ఫొటోలు, ఫోన్ నంబర్ల సంగతేమిటి?
- గృహ విజ్ఞాన నిపుణురాలు

వర్తిస్తుంది. 2013 చట్టంలో బాధిత మహిళ అంటే ‘ఉద్యోగంలో ఉన్నా లేకపోయినా’ అని స్పష్టంగా ఉంది. విధి నిర్వహణలో వెళ్లే ఊరు, ఎక్కే జీపు కూడా పని ప్రదేశమే. పది మంది, ఆపైన పనిచేసే చోట అంతర్గత కమిటీ తప్పనిసరి. కృషి విజ్ఞాన కేంద్రంలో మంజూరైన పోస్టులే 16. ‘విశ్వవిద్యాలయంలో కమిటీ ఉంది, చాలు’ అనుకోవద్దు, వేర్వేరు చోట్ల ఉన్న కార్యాలయాలకు వేర్వేరుగా ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ మహిళా ఉద్యోగి, సభ్యుల్లో కనీసం సగం మహిళలు, ఒకరు బయటివారు. మీ దగ్గర ఆ స్థాయి మహిళ లేకపోతే మరో కార్యాలయం నుంచి పెట్టుకోవచ్చు. ఫిర్యాదుకు మూడు నెలల గడువు, విచారణకు 90 రోజులు. కమిటీ వేయకపోతే యజమానికి జరిమానా రూ. 50 వేల దాకా. శిక్షణ మొదటి రోజే సభ్యుల పేర్లు, ఫోన్లు తెలుగులో గోడకు అంటించండి. మరుగుదొడ్డి దారిలో అయితే అందరూ చదువుతారు.

ఫొటోలు సరే, అడిగి తీయండి. హాజరు పట్టీని మాత్రం ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టొద్దు. అందులో ఆధార్, ఫోన్, బ్యాంకు ఖాతా పక్కపక్కనే ఉంటాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ఇది మర్యాద మీద వదిలేసే విషయం కాదు. చెల్లింపులకు ఒక పట్టీ, నివేదికకు పేరు, ఊరు మాత్రమే ఉన్న ఇంకో పట్టీ పెట్టుకోండి. సంతకాలు రెండుసార్లు పెట్టించాలి, అంతే.