నాన్న నాతో మాట్లాడటం లేదు, కథలు రాయడం మానేయనా?

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటాను. మాది ఒంగోలు దగ్గర పల్లె. ఇంటర్ నుంచి కథల పోటీలకు పంపుతున్నాను. అయిదు కథలకు జవాబే లేదు. ఆరోది మా ఇంట్లో జరిగిందే రాశాను. పొగాకుకు ధర రాని ఏడాది నాన్న, అమ్మ నానుతాడు తాకట్టు పెట్టిన సంగతి. బహుమతి రాలేదు కానీ సాధారణ ప్రచురణకు తీసుకున్నారు. పెద్దమ్మ చదివి చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. నెల నుంచి నాన్న నాతో మాట్లాడటం లేదు. ఇంటి గుట్టు రచ్చకెక్కించావని అమ్మ ఏడుస్తోంది. చదువు మీద దృష్టి పోయింది. రాయడం మానేయనా?

జవాబు: తల్లీ, మానేయమని నేను చెప్పను. ముందు నాన్నగారి సంగతి చూద్దాం.

ఆ రోజు తాకట్టు కొట్టు మెట్లు ఎక్కేటప్పుడు, తెలిసినవాళ్లు ఎవరైనా చూస్తారేమోనని ఆయన అటూ ఇటూ చూసుకుని ఉంటారు. ఇప్పుడు చుట్టాలందరూ చూసినట్టయింది. పైకి కోపంలా ఉన్నా, ఆయన లోపల ఉన్నది నామోషీ అనుకుంటున్నాను.

ఇంకో సంగతి. ఆయన ఆ కథ చదివారా? నీ ఉత్తరంలో ఎక్కడా ఆ మాట లేదు. పెద్దమ్మ నోట విన్నదే ఆయనకు తెలిసిన కథ అయి ఉండొచ్చు. నువ్వు పంపిన కాపీ నేను చదివాను. తాకట్టు డబ్బుతో ఆయన ముందు నీ పరీక్ష ఫీజు కట్టి, రశీదు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారని రాశావు. నేను అక్కడ ఆగిపోయాను. ఆ వాక్యం ఆయన చెవిన పడిందో లేదో!

ఈ శనివారం ఊరికి వెళ్లు. ఫోన్లో వద్దు, అమ్మ చేత చెప్పించనూ వద్దు. రాత్రి అన్నాలయ్యాక, పక్కన ఎవరూ లేనప్పుడు ఆయన దగ్గర కూర్చో. 'పంపేముందు మీకు చూపించాల్సింది నాన్నా, తప్పయింది' అని చెప్పు. రాయడమే తప్పని ఒప్పుకోనక్కర్లేదు. వింటానంటే కథ చదివి వినిపించు. వద్దంటే పత్రిక అక్కడ పెట్టి లేచిరా. ఆయన మాట్లాడటానికి ఇంకో నెల పట్టొచ్చు, ఓపిక పట్టు. పెద్దమ్మతో మాత్రం గొడవ పడకు. దానివల్ల మళ్లీ పది ఫోన్లు తిరుగుతాయి.

ఇక పోటీల గురించి. జవాబు రాని కథల్లో రెండు వృద్ధాశ్రమం మీద రాశానన్నావు, అవైతే న్యాయనిర్ణేతలకు నచ్చుతాయని స్నేహితురాలు చెప్పిందన్నావు. వృద్ధాశ్రమం లోపలికి నువ్వు ఎప్పుడైనా వెళ్లావా? వెళ్లకుండా రాసింది రెండో పేజీకే తెలిసిపోతుంది. నానుతాడు కథ నీ కళ్లముందు జరిగింది, అందుకే నిలబడింది.

అలాగని ఇంట్లో జరిగింది జరిగినట్టే రాయనక్కర్లేదు. పొగాకును మిరప చెయ్యి, నానుతాడును గాజులు చెయ్యి, కూతురిని కొడుకు చెయ్యి. జేబులో రశీదు ఒక్కటి ఉంచితే చాలు, కథ చెడదు. పోటీకి పంపేటప్పుడు సొంత రచన, అనువాదం కాదు, మరెక్కడా పరిశీలనలో లేదు అని హామీపత్రం రాసిస్తావు కదా. దాని మీద సంతకం పెట్టేముందు, కథలో ఉన్న మనిషికి ఒకసారి చదివి వినిపించడం అలవాటు చేసుకో.

సాధారణ ప్రచురణ అంటే ఓడిపోవడం అనుకుంటున్నావేమో, కాదు. పాలగుమ్మి పద్మరాజుగారి 'గాలివాన'కు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో వచ్చింది రెండో బహుమతే. డెబ్భై ఏళ్లు దాటినా తెలుగువాళ్లు ఆ కథను చదువుతూనే ఉన్నారు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మొదలుపెట్టిన కథానిలయంలో వేల కథలున్నాయి, చాలా కథలు ఇంటర్నెట్‌లోనే చదువుకోవచ్చు. కొత్త కథ మొదలుపెట్టేముందు ఓ పది చదువు.

సంక్రాంతి, ఉగాది, దీపావళి పోటీలన్నింటికీ పంపాలని టెన్షన్ పెట్టుకోకు. ఏడాదికి రెండు కథలు చాలు. సెమిస్టర్ పరీక్షలకు నెల ముందు కాగితాలు పెట్టెలో పెట్టెయ్యి. నాన్నగారు కట్టిన ఆ ఫీజుకు నువ్వు పరీక్ష రాయాలి కదా.

'మన ఇంటి సంగతి ఇంక రాయొద్దు' అని ఆయన అంటే సరేనను, ఆ మాట నిలబెట్టుకో. మీ ఊళ్లో రాయడానికి బోలెడు ఉంది. పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రంతా మంట చూసుకుంటూ కూర్చునే మనిషి ఏం ఆలోచిస్తాడు? వేలం కేంద్రంలో తన పొగాకు బేలు (కట్ట) దగ్గరికి కొనేవాళ్లు వచ్చేదాకా రైతు ఏం చేస్తాడు? ఇవి నీకంటే ఆయనకే బాగా తెలుసు. మాటలు కలిశాక ఆయన్నే అడుగు.