జ్యూక్‌బాక్స్ అంటే ఏంటి? ఆ పేరు ఎలా వచ్చింది?

కొత్త సినిమా పాటలన్నీ కలిపి యూట్యూబ్‌లో ఒకే వీడియోగా పెట్టి 'జ్యూక్‌బాక్స్' అంటారు కదా, ఆ మాట ఎక్కడిది అని అడిగారు. ఆడియో కంపెనీల వాళ్లు పెట్టుకున్న పేరేమో అని నేనూ చాలాకాలం అనుకున్నాను. అసలుది, అంటే బిళ్ళ వేస్తే పాట వినిపించే పెట్టెని, చూసింది న్యూజెర్సీలో.

ఉద్యోగానికి వెళ్లిన కొత్తలో ఒక ఆదివారం మా రూమ్మేట్ టిఫినుకని ఒక పాత డైనర్‌కి తీసుకెళ్లాడు. టేబుల్ పక్కన గోడకి మెరుస్తున్న చిన్న పెట్టె. మీట తిప్పితే అద్దం వెనక అట్టలు ఒక్కొక్కటే తిరుగుతున్నాయి, వాటి మీద టైపు కొట్టిన పాటల పేర్లు. వాళ్ల పావలా, అంటే 25 సెంట్ల బిళ్ళ వేసి ఒక అక్షరం, ఒక అంకె నొక్కాలి. నొక్కాను. చప్పుడు లేదు. బిళ్ళ మింగేసిందని నేను గొణుగుతుంటే వాడు నవ్వాడు. రికార్డులుండేది ఇందులో కాదట, మూలనున్న పెద్ద మెషీన్‌లో. ఇది దానికి కబురు పంపుతుందంతే. మనకంటే ముందు అడిగినవాళ్ల పాటలు అయ్యాకే మనది. తిని, బిల్లు కట్టి, కోటు తొడుక్కుంటుంటే నా పాట మొదలైంది. పావలా ఊరికే పోతుందా, తలుపు దగ్గరే నిలబడి పూర్తిగా విన్నాం.

దీని పుట్టుక 1889 నవంబర్ 23న, శాన్‌ఫ్రాన్సిస్కోలోని పాలే రాయల్ సెలూన్‌లో. సెలూన్ అంటే మన క్షవరం షాపు కాదు, బార్. లూయీ గ్లాస్, విలియం ఆర్నాల్డ్ అనే ఇద్దరు ఎడిసన్ ఫోనోగ్రాఫ్‌ని, అంటే అప్పటి పాటలు వినిపించే యంత్రాన్ని, చెక్కపెట్టెలో బిగించి, బిళ్ళ వేస్తే పనిచేసేలా చేశారు. స్పీకర్లు లేని కాలం కాబట్టి డాక్టరు స్టెతస్కోపులాంటి గొట్టాలు నాలుగు పెట్టారు. ఏ గొట్టానికి ఆ గొట్టమే, ఐదు సెంట్లు వేసినవాడికే వినిపిస్తుంది. ఒకడు విన్నాక ఇంకొకడు తుడుచుకోడానికి పక్కనే తువ్వాలు కూడా! అలాంటిది ఆర్నెల్లలో 1000 డాలర్ల పైన సంపాదించింది. కరెంటుతో గదంతా వినిపించేవి, నచ్చిన పాట ఎంచుకునేవి 1927 నుంచి ఊపందుకున్నాయి. బొమ్మల్లో మనం చూసే రంగుల లైట్ల మెషీన్ 1946 నాటి వుర్లిట్జర్ కంపెనీ వారి 1015 మోడల్. అవి 56,000 పైన అమ్ముడుపోయాయి.

ఇక పేరు సంగతి. అమెరికా దక్షిణాన నల్లజాతి కూలీలు పని అయ్యాక తాగి, తిని, ఆడిపాడే పాకల్ని 'జూక్ జాయింట్' అనేవారు. అక్కడి తీరప్రాంతపు నల్లజాతివాళ్లు మాట్లాడే గల్లా భాషలో 'జూక్' అంటే అల్లరిచిల్లరగా ఉండటం. మూలం పశ్చిమాఫ్రికా భాషల్లో ఉందంటారు. అక్కడుండే పాటల పెట్టె కాబట్టి జ్యూక్‌బాక్స్. 1940 ప్రాంతంలో ఈ పేరు జనం నోళ్లలో నలిగింది కానీ, తయారుచేసే కంపెనీలు మాత్రం పరువు తక్కువని చాలా ఏళ్లు ఆ మాటే వాడలేదు.

ఇప్పుడు మన యూట్యూబ్‌లో మిగిలింది 'పాటలన్నీ ఒకేచోట' అన్న అర్థం మాత్రమే.